శాశ్వత చిరునామా గడి గారికి

మహారాజశ్రీ శాశ్వత చిరునామా గడి గారికి, కడప జిల్లా మిలిటరీ వాళ్ల పిల్లలు రాసుకునే మనవి.

ఏ దరఖాస్తు చూసినా 'ప్రస్తుత చిరునామా' కింద తమరు ఠీవిగా కూర్చుని ఉంటారు. మేం తమరికి సమర్పించేది ఎప్పుడూ ఒకటే: నాన్న పుట్టిన ఊరు, తాత కట్టిన మట్టిమిద్దె. ఆ మిద్దె సంగతి తమరికి తెలిసినట్టు లేదు. అది నిలవాలంటే ఏటా ముంగారు వానలకు ముందే పైకెక్కి, గడ్డిని వేళ్లతో సహా పీకి, ఎలుక బొక్కలు పూడ్చి, కొత్త చౌడు, అంటే చవిటి మన్ను, తోలించి పరచాలి. వాలు నీళ్లు బయటికి పోయే దోనె వైపే ఉండాలి. చౌడు తడిస్తే జిగటగా అతుక్కుని నీళ్లను కిందికి దిగనీదు, అందుకే ఏ మట్టి పడితే ఆ మట్టి పనికిరాదు. రెండు మూడేళ్లు ఎగ్గొడితే చెమ్మ గోడలో దూరిన దూలం మొనకు చేరుతుంది. పైకి అంతా బాగానే కనిపిస్తుంది, లోపల చెద. తర్వాత దూలాల మీద పరిచిన దంతెల కట్టెలు వంగుతాయి. వెలుతురు కోసం మిద్దెకు పెట్టిన గవాచి మీద బండ మూయడం మరిచారా, పని ఇంకా తొందరగా అయిపోతుంది. సిపాయికి ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు ఉంది, నిజమే. అది యూనిట్‌కు కుదిరినప్పుడు వస్తుంది గానీ చౌడు తోలే అదునుకు రాదు. ఆ ఇంటి నంబరు మీద ఇప్పుడు కంపచెట్లు మొలిచినాయి. తమరికి మాత్రం ఇల్లు చెక్కుచెదరలేదు.

పోనీ పెరిగిన ఇల్లు రాద్దామంటే అది క్వార్టర్. పోస్టింగ్ వచ్చిందంటే మార్చింగ్ అవుట్, అంటే క్వార్టర్ లెక్క అప్పజెప్పి ఖాళీ చేయడం. క్వార్టర్ల బాగోగులు చూసే మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్ (ఎంఈఎస్) మనిషి రిజిస్టర్ పట్టుకొచ్చి ఫ్యాన్లు, కుళాయిలు, కిటికీ అద్దాలు, కాలి మీద నంబరేసిన మంచాలు లెక్కపెట్టుకుంటాడు. పగిలిన అద్దానికి 'బ్యారక్ డ్యామేజీ' అని నష్టం డబ్బు కట్టాలి. పిల్లలు నాటిన జామచెట్టుకు ఆ రిజిస్టర్లో గడి లేదు. గుమ్మం పక్క నాన్న పేరు పలక విప్పితే రెండు స్క్రూ బెజ్జాలు మిగులుతాయి. తర్వాత దిగేవాళ్లు తమ పలకను వాటిలోనే బిగించుకుంటారు. కొత్తవి కొడితే మళ్లీ డ్యామేజీ లెక్కలు మరి. 2002లో సంసారులైన సైనికులకు కొత్త ఇళ్లు కట్టే మ్యారీడ్ అకామడేషన్ ప్రాజెక్టు మొదలయ్యాక చాలాచోట్ల ఆ గోడలూ లేవు, అంతస్తుల బ్లాకులు లేచినాయి. చూసొద్దామని పోతే గేటు దగ్గర సెంట్రీ 'ఎవరింటికి?' అంటాడు. ఏం చెప్పాలి?

తమరి అసలు తమాషా కాలేజీ సీట్ల దగ్గర బయటపడుతుంది. రాజ్యాంగం 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు లెక్కన, అర్హత పరీక్ష ఏడాదితో కలిపి వరుసగా నాలుగేళ్లు ఇక్కడ చదివితే శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ (ఎస్వీయూ) పరిధిలో లోకల్. ఎనిమిది జలంధర్‌లో, తొమ్మిది జోధ్‌పూర్‌లో, ఇంటర్ ఇంకెక్కడో చదివిన పిల్లతో తమరు 'కడప జిల్లా' అని రాయించుకుంటారు, నాలుగు గీతల కింద తమరి తమ్ముడు, ఆ లోకల్ గడి, 'నాన్‌లోకల్' అని టిక్కు కొట్టించుకుంటాడు. ఇద్దరూ ఒకే కాగితంలో ఉంటూ ఒక్కసారైనా మాట్లాడుకోరా? సైనికుల పిల్లలకు క్యాప్ కోటా ఉంది కదా అంటారు. ఉంది, దాని కాగితాల కట్ట వేరు. ఊళ్లోకి పోతే రచ్చకట్ట మీద పెద్దాయన కూడా 'యా ఊరబ్బీ మీది?' అనే అడుగుతాడు.

మనవి చిన్నదే. ఆ ఒక్క గీత తీసేసి మూడు పెట్టండి: క్వార్టర్ నంబరు, ఏ ఏటి నుంచి ఏ ఏటి దాకా, తాళంచెవి ఎవరి చేతికి ఇచ్చిందీ. ఆ మూడోదానికి మా దగ్గర సంతకంతో సహా రసీదు ఉంది. తమరి దగ్గర ఏముంది?

ఇట్లు,
ప్రస్తుత చిరునామా వాళ్లు