లినక్స్ ఇంత సులువైపోతే మా గతేం కాను?

ఏ వర్గానికి అన్యాయం జరిగినా ధర్నా చౌక్ ఉంది, విచారణ కమిటీ ఉంది, రాత్రి తొమ్మిదింటికి టీవీలో చర్చ ఉంది. మా వర్గానికి మాత్రం ఏ దిక్కూ లేదు. డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో విండోస్‌కి బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడం మరీ తేలికైపోయిందన్న సంగతి ఇంతవరకూ ఒక్క ప్రజాప్రతినిధి నోటా రాలేదు. ఎనిమిది జీబీ పెన్‌డ్రైవూ, అరగంట తీరికా, ‘కంటిన్యూ’ మీద నొక్కడానికి ఒక వేలూ ఉంటే చాలు, ఎవరు పడితే వాళ్లు ఎక్కించేసుకుంటున్నారు. మమ్మల్ని అడగడం లేదు. ఎక్కించుకున్నాక మర్యాదకైనా చెప్పడం లేదు.

మేమంటే ఒకప్పుడు పేటకొకరు చొప్పున ఉండే లినక్స్ తెలిసినవాళ్లం. పెళ్లిళ్లలో మమ్మల్ని దూరం నుంచి చూపించి, ‘ఆయన ఉల్లిపాయ ముట్టరట’ అన్నంత భక్తిగా ‘ఆయన విండోస్ వాడరట’ అని చెప్పుకునేవారు. ఆ గౌరవం ఊరికే రాలేదు.

ఆ రోజుల్లో లినక్స్ నెట్‌లోంచి దించుకునే సరుకు కాదు. డయలప్ మీద ఒక సీడీ దించాలంటే ఫోన్ బిల్లుకి పొలం అమ్ముకోవాలి. కంప్యూటర్ పత్రికతో పాటు ఉచితంగా సీడీ వచ్చేది. దాన్ని డ్రైవ్‌లో పెట్టి కూర్చుంటే, మధ్యలో ఆగి ఒక ప్రశ్న అడిగేది: మీ మానిటర్ హారిజాంటల్ సింక్ ఎంత? వర్టికల్ రిఫ్రెష్ ఎంత? తప్పు చెబితే మానిటర్ కాలిపోయే ప్రమాదం ఉందని హెచ్చరిక కూడా. అప్పు చేసి కొన్న మానిటర్ అది. టార్చిలైటు పట్టుకుని దాని వెనక్కి వెళ్లి, బూజు దులిపి, స్టిక్కర్ మీద అంకెలు చదువుకుని వచ్చేవాళ్లం. ఇంట్లోవాళ్లు తలుపు దగ్గరే నిలబడి చూసేవారు. ఆపరేషన్ జరుగుతోందని వాళ్లకి తెలుసు.

అన్నీ అయ్యాక రీబూట్. కంప్యూటర్ వెయ్యగానే లినక్స్‌ని నిద్రలేపే ప్రోగ్రాం, అంటే బూట్‌లోడర్, పేరు అప్పట్లో లిలో. అది లేస్తూ లేస్తూ తన పేరే ఒక్కో అక్షరం తెరమీద వేసేది: ఎల్, ఐ, ఎల్, ఓ. నాలుగూ పడితే బతికినట్టు. ఎక్కడ ఆగిపోతే దాన్ని బట్టి రోగమేమిటో పోల్చుకోవాలి. మాలో చాలామందికి ఎల్‌ఐ దగ్గరే ఆగేది. ఇంకో సీ పడి ఉంటే బీమా ఏజెంటైనా వచ్చి ఓదార్చేవాడు. ఇంత చేసి లోపలికి వెళ్తే ఇంటర్నెట్ రాదు, ఎందుకంటే కంప్యూటర్‌లో ఉన్న మోడెం విండోస్ ఉంటేనే పనిచేసే రకం. దాన్ని లినక్స్‌లో నడిపించే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, నెట్‌లో దొరుకుతుంది. నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. ఈ తత్వం అర్థమైనవాణ్ణే లినక్స్ తెలిసినవాడు అనేవారు.

ఇప్పుడా తత్వమంతా మట్టిగొట్టుకుపోయింది. దీనికి బాధ్యులెవరో తేలాలి.

మొదటి ముద్దాయి లైనస్ టోర్వాల్డ్స్. 1991 ఆగస్టు 25న హెల్సింకీలో చదువుకుంటున్న 21 ఏళ్ల ఈ కుర్రాడు, ‘ఉచితంగా ఇచ్చే ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి రాస్తున్నాను, సరదాకే, పెద్దదేమీ కాబోదు’ అని నలుగురికీ చెప్పాడు. ఆ మాట మీద నిలబడి ఉంటే ఇవాళ ఈ గొడవే లేదు. నిలబడలేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో అడుగున ఉన్నది లినక్సే. ప్రపంచంలో అత్యంత వేగమైన సూపర్‌కంప్యూటర్ల జాబితా తీస్తే 2017 నవంబరు నుంచి 500కి 500 లినక్స్ మీదే నడుస్తున్నాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇది రచ్చంతా గెలిచి, ఇంటికొచ్చేసరికి బల్లమీది కంప్యూటర్ దగ్గర గుమ్మం బయటే నిలబడిపోయింది. ఏటా ‘ఇదే లినక్స్ డెస్క్‌టాప్ నామ సంవత్సరం’ అని మేం ప్రకటించడం, పై ఏడుకి వాయిదా వేసుకోవడం సాఫీగానే సాగిపోయేది. లినక్స్ గుమ్మం బయట ఉన్నంతకాలం లోపలికి తీసుకెళ్లడానికి మా అవసరం ఉండేది మరి.

రెండో ముద్దాయి మార్క్ షటిల్‌వర్త్. 2002లో సొంత డబ్బు పెట్టుకుని అంతరిక్షానికి వెళ్లొచ్చిన మనిషి. అక్కడే ఉండిపోయినా బాగుండేది. తిరిగొచ్చి 2004లో ఉబుంటు అనే లినక్స్ రకం మొదలుపెట్టి, అడిగినవాడికల్లా పోస్టులో ఉచితంగా సీడీలు పంపించాడు. 2011లో ఆ పంపకం ఆపేసేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది. మంత్రోపదేశం మా చెవిలో ఉండగా, పోస్ట్‌మ్యాన్ చేతుల మీదుగా జనానికి చేరడమేమిటి?

అన్నిటికన్నా బాధ కలిగించింది మాత్రం మైక్రోసాఫ్ట్. శత్రువన్నాక ఒక పద్ధతి ఉండాలి. 2001లో అప్పటి అధిపతి స్టీవ్ బామర్ లినక్స్‌ని క్యాన్సర్‌తో పోల్చాడు. అదీ మాట! ఆ ఒక్క తిట్టు పట్టుకుని ఏళ్ల తరబడి బతికాం. 2014లో సత్య నాదెళ్ల వచ్చి, మైక్రోసాఫ్ట్‌కి లినక్స్ అంటే ప్రేమ అన్నాడు. హైదరాబాదు పబ్లిక్ స్కూల్లో చదువుకున్న మనవాడే మన పొట్ట కొట్టాడు. 2016 నుంచి విండోస్ లోపలే లినక్స్ పెట్టి ఇస్తున్నారు. అది చాలదన్నట్టు 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆపేశారు. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలట, ప్రాసెసర్ కూడా ఫలానా తరం దాటి ఉండాలట. దాంతో రాయిలా నడుస్తున్న కంప్యూటర్లు రాత్రికి రాత్రి పనికిమాలినవైపోయాయి. వాటి యజమానులంతా నేరుగా లినక్స్ వైపు నడిచారు. నేరుగా అన్నదే నా ఫిర్యాదు. దారిలో మా ఇల్లుంది.

మా అక్క కొడుకు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. వాడి డెస్క్‌టాప్ విండోస్ 11కి పనికిరాదని తేలాక లినక్స్ మింట్ అనే రకం వేసుకున్నాడని అక్క మాటల మధ్యలో అంది. విన్న వెంటనే బయల్దేరి వెళ్లాను.

“వైఫై వస్తోందా?” అన్నాను, రాకూడదని మొక్కుకుంటూ.

“ఆ, మావయ్యా. అదే పట్టుకుంది.”

“సౌండు?”

“వస్తోంది.”

“బ్లూటూత్? వెబ్‌క్యామ్? పోనీ ప్రింటర్?”

“ప్రింటర్ కూడా అదే కనుక్కుంది మావయ్యా. కాఫీ తాగుతారా?”

చివరి అస్త్రంగా టెర్మినల్, అంటే కమాండ్లు కొట్టే కిటికీ, తెరిపించాను. కంప్యూటర్ మీద పూర్తి పెత్తనం కోరే సుడో అన్న మాటతో కమాండ్ కొడితే పాస్‌వర్డ్ అడుగుతుంది, కొడుతుంటే తెరమీద ఏమీ కనిపించదు. మా తరం శిష్యులంతా అక్కడే కంగారుపడి ‘కీబోర్డు పోయినట్టుంది’ అని కాళ్లమీద పడేవారు. వాడు కొట్టాడు. వరసగా చుక్కలు పడ్డాయి. మింట్ వాళ్లు దాన్ని కూడా మార్చేశారు. ఆ సాయంత్రం కాఫీ చేదుగానే ఉంది.

అయినా చేతులు ముడుచుకుని కూర్చోలేదు లెండి. సులువుని ఆపలేనప్పుడు దాని చుట్టూ అయోమయాన్ని పెంచడం మా ముందున్న కర్తవ్యం. కొత్తవాడెవడైనా ‘ఏ లినక్స్ వేసుకోమంటారు?’ అని అడిగితే, ఒక పేరు చెప్పి పంపించేయకూడదు. ‘అసలు నీకు సిస్టమ్‌డీ మీద అభిప్రాయమేమిటి?’ అని ఎదురడగాలి. లినక్స్ లేవగానే లోపలి పనులన్నిటినీ మొదలుపెట్టే ప్రోగ్రాం అది. ప్రోగ్రాములు ఎక్కించుకోవడానికి స్నాప్ పద్ధతి మంచిదా ఫ్లాట్‌ప్యాక్ మంచిదా అన్న చర్చలోకి దించాలి. మనలో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని వాడి ముందే పోట్లాడుకోవాలి. అడిగినవాడు ఉత్తరాలు చూసుకుని, ఒక సినిమా చూసుకుంటే చాలనుకునే మనిషి. అది మనకి అనవసరం. ఇంటికెళ్లి పాత విండోస్‌తోనే సర్దుకుంటే మన పరపతి నిలబడ్డట్టు.

కోటల్లా నిలబడతాయనుకున్నవీ కూలుతున్నాయి. ఆర్చ్ లినక్స్ అంటే ఒకప్పుడు పేరు చెబితేనే ఎదుటివాడు లేచి నిలబడేవాడు. డిస్క్‌ని భాగాలుగా విడగొట్టడం దగ్గర్నుంచి ప్రతిదీ చేత్తో కమాండ్లు కొట్టి చేసుకోవాలి. 2021 ఏప్రిల్ నుంచి దాంట్లో కూడా అడిగినదానికి జవాబిస్తూ పోతే అదే పని పూర్తిచేసే స్క్రిప్టు పెట్టారు. సోర్స్ కోడ్ తెచ్చుకుని సొంతంగా కంపైల్ చేసుకునే, అంటే కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చుకునే, జెంటూ ఒకటి మిగిలింది. ఫ్యాను గిర్రున తిరుగుతూ గది వెచ్చబడుతుంటే ఆ సుఖమే వేరు, కానీ దానికీ ఈమధ్య కంపైల్ చేసి పెట్టిన ప్యాకేజీలు ఇవ్వడం మొదలుపెట్టారు. ఎవరిని నమ్మాలి?

ఒక్క తెలుగు డీటీపీ షాపు మాత్రం మమ్మల్ని చల్లగా చూస్తోంది. తెలుగు టైపింగుకి లినక్స్‌లో లోటేమీ లేదు, యూనికోడ్, అంటే ఏ కంప్యూటరైనా ఒకేలా చదివే అక్షరాల పద్ధతి, అయితే. శుభలేఖలు, కరపత్రాలు వేసే చాలా షాపుల్లో ఇప్పటికీ నడిచేది అనూ ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్. ఆ పేజ్‌మేకర్‌కి 2001లో వచ్చిన 7.0 తర్వాత పెద్ద వెర్షన్ ఏదీ రాలేదు. ఆ ఫాంట్లు యూనికోడ్‌వి కావు. షాపువాడు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన మేటర్ లినక్స్‌లో తెరిస్తే వరుడి పేరున్న చోట రెండు డాలర్లు, ఒక బ్రాకెట్, నెత్తిన కొమ్మున్న ఏదో యూరప్ అక్షరం ప్రత్యక్షమవుతాయి. పెళ్లికూతురి తండ్రి గుండె పట్టుకుంటాడు. అప్పుడు పిలుపు మాకే వస్తుంది. ప్రభుత్వానికి నా విన్నపమల్లా ఒకటే: ఎవరేం చెప్పినా ఆ షాపుల్ని యూనికోడ్‌లోకి మార్చే పథకాలేవీ పెట్టకండి. ఎన్నో కుటుంబాల గౌరవం వాటి మీద ఆధారపడి ఉంది.

మొన్న పొద్దున్నే మా మేనల్లుడి ఫోన్. బావగారి కొట్టు లెక్కల కోసం విండోస్‌ని తీసెయ్యకుండా పక్కనే ఉంచాడట. “మావయ్యా, మింట్‌లోంచి విండోస్‌లోకి వెళ్తే టైము నాలుగున్నర చూపిస్తోంది. ఇక్కడ పదయింది. ఎన్నిసార్లు సరిచేసినా మళ్లీ మొదటికే వస్తోంది.”

ఒళ్లు పులకరించింది. మదర్‌బోర్డు మీది గడియారంలో ఉన్నది స్థానిక సమయమని విండోస్ అనుకుంటుంది. లినక్స్ అందులో గ్రీనిచ్ లెక్క రాసి పెడుతుంది. మనకీ గ్రీనిచ్‌కీ తేడా ఐదున్నర గంటలు. స్థానిక సమయమే రాయమని లినక్స్‌కి చెప్పడానికి కమాండ్ ఒక్క లైను. ఫోన్లోనే చెప్పేయొచ్చు.

“ఇది ఫోన్లో తేలే వ్యవహారం కాదురా,” అన్నాను. “ఆదివారం వస్తాను.”

“మదర్‌బోర్డులో ఏమైనా పోయిందా మావయ్యా?”

“చూడాలి.”

అక్క ఫోన్ లాక్కుని, భోజనానికే వచ్చెయ్యమంది, గుత్తి వంకాయ చేస్తుందట. స్క్రూడ్రైవర్ల పెట్టె కూడా పట్టుకెళ్తున్నాను.