జాతీయ అవార్డు రాలేదంటే అర్హత లేదనా?

హిందీ సినిమా పాటల గాయని సుమన్ కల్యాణ్‌పూర్‌కి ఒక్క జాతీయ ఫిల్మ్ అవార్డూ లేదు, కాబట్టి 2023లో ఇచ్చిన పద్మభూషణ్ ఎక్కువే అన్నారు ఒక వ్యాసంలో. ఆ లెక్క తప్పండి. గాయనికి జాతీయ అవార్డు మొదలైందే 1968 సినిమాలతో, మొదటిది మన సుశీలమ్మకే. సుమన్ గారి మంచి పాటల్లో చాలా భాగం అప్పటికే వచ్చేశాయి. రాయల్టీ గొడవతో రఫీ, లత కలిసి పాడని ఆ కొన్నేళ్లూ రఫీ పక్కన యుగళగీతాలు నిలబెట్టింది ఎక్కువగా ఈవిడే.

'న తుమ్ హమే జానో' హేమంత్ కుమార్ పాడింది ఇయర్‌ఫోన్స్‌తో వినండి. అందులో సుమన్ గారికి మాటలే లేవు, ఉన్నది హమ్మింగే. అయినా హేమంత్ గొంతుని ఎక్కడా మింగేయదు. అలా తగ్గి పాడటం గట్టిగా పాడటం కంటే కష్టం.

నా కోపం ఆలస్యం మీదే. మన రేపల్లె వైపు పల్లపట్లలో పుట్టిన గాయని ఎస్. జానకమ్మ 2013లో పద్మభూషణ్ వద్దన్నదీ అందుకే. మామూలుగా మరణానంతరం పద్మ ఇవ్వరు. హిందీ గాయని గీతాదత్ 1972లో ఏదీ అందకుండానే పోయారు. పద్మకి నామినేషన్ ఎవరైనా వేయొచ్చు, రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్లో. 800 మాటలే పరిమితి, పొగడ్తలతో నింపొద్దు. ఏ పాట, ఏ ఏడాది, అందులో ఏం చేశారో రాయండి. బెజవాడ, గుంటూరుల్లో పెద్ద వయసు రంగస్థల పద్య గాయకులు ఇంకా ఉన్నారు, ముందు వాళ్లకి వేయండి.