మధ్యలో ఊపిరి తీసుకోనివ్వండి

అమలాపురం, నరసాపురం, భీమవరం, ఎటు పోయినా పట్టుమని పది మీటర్ల ఎత్తు లేని నేల మనది, సముద్రం పక్కనే ఉన్నాం కాబట్టి మన పిల్లలు పీల్చే గాలిలో ఆక్సిజన్‌కి లోటన్నదే లేదు. అయినా సరే మావాడు కబడ్డీలో రెండు కూతలకే ఆయాసపడిపోతున్నాడండీ, కొండ మీద ట్రైనింగ్ ఇప్పిస్తే దమ్ము పెరుగుద్దంట కదా, పోనీ ఆన్‌లైన్లో అమ్మే ఆ ట్రైనింగ్ మాస్కు కొనమంటారా అని అడిగే తల్లిదండ్రులున్నారు. కొనొద్దనే మేం చెప్తాం.

ఎత్తుకి పోయేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుద్దనుకుంటారు చాలామంది, తగ్గదు. అంతర్వేది ఒడ్డునా లేహ్‌లోనూ అది దాదాపు 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి, ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి ఆక్సిజన్‌ని నెట్టేది ఆ ఒత్తిడే. సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకులో అది పదో వంతు తగ్గుద్ది, 2,200 మీటర్ల సిమ్లాలో దాదాపు నాలుగో వంతు, 3,500 మీటర్ల లేహ్‌లో మూడో వంతు. మాస్కు ఇదేమీ చెయ్యదు, గాలి లోపలికి రావడాన్ని కష్టం చేస్తుందంతే, పసివాళ్ళ మొహాన అది కట్టడం మాకు అస్సలు నచ్చని పని.

ఇప్పుడు ఆట సంగతికొద్దాం. కబడ్డీ కూత 30 సెకన్లు, ఖోఖోలో ఒక తరుముడు ఇంకా తక్కువ. అంత చిన్న పనికి కండరం అప్పుడు పీల్చిన గాలి కోసం ఎదురుచూడదు, తనలో దాచుకున్న ఫాస్ఫోక్రియాటిన్ అనే శక్తి నిల్వని ఖర్చు పెడుతుంది, అది ఐపోతుంటే ఆక్సిజన్ అవసరం లేకుండానే గ్లూకోజ్‌ని విరగ్గొట్టుకుంటుంది. 1968లో 2,240 మీటర్ల ఎత్తున్న మెక్సికో సిటీ ఒలింపిక్స్‌లో లాంగ్‌జంప్‌లో బాబ్ బీమన్ 8.90 మీటర్లు దూకి పాత రికార్డుని ఏకంగా 55 సెంటీమీటర్లు దాటేశాడు, వెనక గాలి కూడా తోడయ్యింది అనుకోండి, గాలి పలచగా ఉండడం కూడా కలిసొచ్చింది. పొడుగు పరుగైతే వేరు, అదే ఊళ్ళో 10,000 మీటర్లు గెలిచినాయన టైము అప్పటి ప్రపంచ రికార్డు కన్నా దాదాపు 1 నిమిషం 48 సెకన్లు ఎక్కువ, ఆ రికార్డు చేతిలో ఉన్న రాన్ క్లార్క్ అయితే పరుగయ్యాక కుప్పకూలిపోయాడు. ఒక్క చిన్న పరుగు వరకూ కొండైనా కోనసీమైనా పెద్ద తేడా లేదు.

తేడా వచ్చేది రెండో పరుగుకి, మూడో పరుగుకి. ఖాళీ ఐన ఆ గాదె మళ్ళీ నిండాలంటే ఆక్సిజన్ కావాల్సిందే. పిల్లల కండరాలు పెద్దవాళ్ళలా లాక్టేట్ (ఆక్సిజన్ లేకుండా గ్లూకోజ్ విరిగినప్పుడు పుట్టేది) ఎక్కువ పుట్టించవు, ఆక్సిజన్ దారి మీదే ఎక్కువ ఆధారపడతాయి, అందుకే మన వీధిలో పిల్లలు ఒక రౌండు పరిగెత్తి నిమిషంలో మళ్ళీ రెడీ అంటారు, మనమేమో ఇంకా మోకాళ్ళు పట్టుకునే ఉంటాం. ఎత్తైన చోట ఆ తేరుకోవడమే నెమ్మదిస్తుంది. కాబట్టి మన పిల్లల్ని సిమ్లా లాంటి చోటికి మ్యాచ్‌కి తీసుకెళ్తే రెండు మూడు రోజులు ముందే వెళ్ళండి, వరస కూతలకి ఒకే పిల్లని పంపకుండా మారుస్తూ ఉండండి, మంచినీళ్ళు ఇస్తూ ఉండండి, తలనొప్పి వాంతులు అన్న పిల్లని ఆడించనే ఆడించొద్దు.

మరి ఇక్కడ, ఆక్సిజన్ నిండుగా ఉన్న చోట, ఎందుకు డీలా పడుతున్నారంటే ఉక్కపోత. చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అలాంటి మధ్యాహ్నం సెలక్షన్లు పెట్టి, హీట్సు, సెమీస్, ఫైనలు అన్నీ గంటలో లాగించేసి, చివర్లో వెనకబడ్డ పిల్లకి స్టామినా లేదని పేరు కొట్టేయడం అన్యాయం, ఇది మేం గట్టిగానే అంటున్నాం. ట్రయల్స్ పొద్దున్నే పెట్టండి, పరుగుకీ పరుగుకీ మధ్య కనీసం ఐదు నిమిషాలు నీడలో కూర్చోనివ్వండి, అప్పుడు ఎవరి వేగమెంతో తెలుస్తుంది.

ఇంకోటి, దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక గడ్డి తగలబెట్టే రోజుల్లో, రైస్ మిల్లు బూడిద ఎగిరే చోట పిల్లల్ని పరిగెత్తించకండి. పరుగాపాక కూడా పిల్లికూతలొస్తున్నా, దగ్గు ఆగకపోయినా, ఛాతీ పట్టేసిందన్నా ఆ పిల్లని డాక్టర్‌కి చూపించండి, ఇంకో రౌండ్ కొట్టు తగ్గిపోద్ది అనొద్దు.