చేతి చమురు ఫుట్‌బాల్

బంతి పట్టినవాళ్లను ఢీకొట్టి కూల్చే అమెరికన్ ఫుట్‌బాల్‌ను ట్యాకిల్ ఫుట్‌బాల్ అంటారు. అమెరికాలో మహిళలు ఆ ఆట ఆడే లీగుల్లో డబ్ల్యూఎన్ఎఫ్‌సీ (విమెన్స్ నేషనల్ ఫుట్‌బాల్ కాన్ఫరెన్స్) ఒకటి. 2019లో ఆటలు మొదలుపెట్టిన ఈ లీగు తన విజేతకిచ్చే ట్రోఫీకి ‘ఐఎక్స్ కప్’ అని పేరు పెట్టుకుంది. రోమన్ అంకెల్లో ఐఎక్స్ అంటే తొమ్మిది. 1972 జూన్ 23న అధ్యక్షుడు నిక్సన్ సంతకం పెట్టిన విద్యా చట్ట సవరణల్లో తొమ్మిదో అధ్యాయాన్ని అక్కడివారు ‘టైటిల్ నైన్’ అంటారు. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ బడీ, ఏ కాలేజీ ఆడా మగా తేడా చూపరాదన్నది దాని సారం. ఆ దేశంలో ఇంతమంది ఆడపిల్లలు మైదానంలోకి దిగారంటే ఆ చట్టం చలవే. కప్పుకు ఆ పేరు పెట్టుకోవడంలో కృతజ్ఞత ఉంది. కాస్త చురక కూడా ఉందని మాకనిపిస్తోంది.

ఎందుకంటే దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించలేదు. చట్టాన్ని అమలుపరిచేందుకు 1975లో వచ్చిన నిబంధనల్లో ఒక మెలిక పెట్టారు. ఒళ్లూ ఒళ్లూ తగిలే ఆటల్లో అబ్బాయిల జట్టులోకి అమ్మాయిని తీసుకోవాల్సిన పనిలేదన్నారు. బాక్సింగ్, కుస్తీ, రగ్బీ, ఐస్ హాకీ, ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ అంటూ పేర్లు కూడా రాశారు. బాస్కెట్‌బాల్‌కు వేరే అమ్మాయిల జట్లు పుట్టుకొచ్చాయి కనుక అక్కడ నష్టం లేదు. ఫుట్‌బాల్‌కు అలా పుట్టలేదు. అబ్బాయిల జట్టులోకి రానివ్వరు, అమ్మాయిల జట్టు పెట్టరు. బడిలో అన్నిటికన్నా పెద్ద మైదానం, పెద్ద ఖర్చు, శుక్రవారం రాత్రి ఊరంతా కదిలివచ్చే ఆట ఫుట్‌బాలే. సరిగ్గా ఆ ఆటకే తలుపు మూశారు.

ఈ మెలిక ఎక్కడిదాకా పోయిందో ఒక కేసు చెబుతుంది. డ్యూక్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టులో కిక్కర్‌గా, అంటే బంతిని కాలితో తన్నే ఆటగత్తెగా, చేరిన ఒక విద్యార్థిని తనపై వివక్ష చూపారని కోర్టుకెక్కింది. 1999లో అప్పీల్ కోర్టు ఆమె వైపే మాట్లాడింది. ఆడపిల్లకు ట్రైఅవుట్ (ఎంపిక పరీక్ష) ఇవ్వకపోతే చట్టం అడగదట, కానీ ఒకసారి ఇచ్చాక మాత్రం తేడా చూపకూడదట. తీర్పు ఆ అమ్మాయికి న్యాయమే. కోచ్‌లకు మాత్రం అందులో వేరే పాఠం వినబడి ఉండాలి: గడప దాటనివ్వకపోతే ఏ తంటా లేదు.

ఇక మైదానానికి వద్దాం. టైటిల్ నైన్‌కు యాభై ఏళ్లు నిండిన 2022 సీజన్‌నే చూద్దాం. మగవాళ్ల ప్రధాన వృత్తి లీగు ఎన్ఎఫ్ఎల్ సెలవులో ఉండే కాలమే ఆడవాళ్ల సీజన్. ఏప్రిల్‌లో మొదలై ఎండలు ముదిరేదాకా నడుస్తుంది. అన్నిటికన్నా పెద్ద లీగు 2009లో పుట్టిన డబ్ల్యూఎఫ్ఏ (విమెన్స్ ఫుట్‌బాల్ అలయన్స్). పైన ప్రో, కింద రెండు డివిజన్లు. 2022 జూలైలో జరిగిన ఫైనల్లో, ఒహాయో రాష్ట్రం క్యాంటన్‌లో, ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌ను ఆనుకుని ఉన్న టామ్ బెన్సన్ స్టేడియంలో బాస్టన్ రెనెగేడ్స్ జట్టు 32–12తో మిన్నెసోటా విక్సెన్‌ను ఓడించింది. కోవిడ్ మింగేసిన 2020ని వదిలేస్తే బాస్టన్‌కు అది వరుసగా నాలుగో టైటిల్. ఆ ఆటను క్రీడల చానల్ ఈఎస్‌పీఎన్2 ప్రత్యక్ష ప్రసారం చేసింది. మహిళల ట్యాకిల్ ఫైనల్ ఆ సంస్థ తెరకెక్కడం అదే మొదటిసారి. అటు ఐఎక్స్ కప్‌ను డాలస్ ప్రాంతపు జట్టు టెక్సస్ ఎలీట్ స్పార్టన్స్ ఎత్తుకుంది. 2019లో, 2021లో కూడా వాళ్లే గెలిచారు. డాలస్ చుట్టూ ఉన్న ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో వీధికి నాలుగు తెలుగు గడపలున్నాయి. పక్కనే ఆడుతున్న ఈ జట్టు పేరు విన్న మనవాళ్లెందరో!

గెలిచిన బాస్టన్ జట్టుకు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసురుతూ దాడిని నడిపించే మనిషి, ఆలిసన్ కాహిల్. మహిళల ఫుట్‌బాల్‌లో ఆమెకున్నన్ని విజయాలు మరో క్వార్టర్‌బ్యాక్‌కు లేవు. అలాంటి మనిషి ప్రిన్స్‌టన్‌లో చదువుకునేటప్పుడు ఆడింది బాస్కెట్‌బాల్. ఫుట్‌బాల్ పట్టింది చదువయ్యాకే. అదే మగపిల్లవాడైతే ఎనిమిదేళ్లకే హెల్మెట్ పెట్టుకుంటాడు, హైస్కూల్లో నాలుగేళ్లు, కాలేజీలో నాలుగేళ్లు ఎవరో జీతమిచ్చి పెట్టిన కోచ్ దగ్గర నేర్చుకుంటాడు. ఆడపిల్ల పాతికేళ్ల వయసులో, ఉద్యోగం చేసుకుంటూ, తల ఎటు పెట్టి భుజం ఎలా వేస్తే మెడ విరగకుండా ఎదుటి మనిషి కూలుతుందో మొదటి పాఠం నుంచి మొదలుపెడుతుంది. ‘ఆడవాళ్ల ఆటలో ఆ స్థాయి లేదు’ అని పెదవి విరిచేవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

ఆడినందుకు డబ్బొస్తుందా? ఎదురు కట్టాలి. సీజన్‌కు కొన్ని వందల డాలర్ల రుసుము, భుజాల ప్యాడ్లు, హెల్మెట్, బూట్లు, ఊళ్లు తిరిగే ఖర్చు, చాలా జట్లలో అంతా ఆటగత్తె నెత్తినే. పగలు ఆసుపత్రిలో, బడిలో, పోలీసు స్టేషన్లో డ్యూటీ. రాత్రి అద్దె మైదానంలో సాధన, లైట్లు ఆర్పే వేళకు ఖాళీ చెయ్యాలి. చేతి చమురు భాగవతమని మనవాళ్లు అనేది దీన్నే.

చిన్న జట్టు సంగతి దగ్గర నుంచి చూస్తేగానీ తెలియదు. ఎన్ఎఫ్ఎల్ జట్టుకు 53 మంది. దాడికి ఒక పదకొండుగురు, అడ్డుకోవడానికి మరో పదకొండుగురు. ఒకరు ఆడుతుంటే ఇంకొకరు బెంచీ మీద ఊపిరి తీసుకుంటారు. కింది డివిజన్లలో ఇరవై మందితో దిగే జట్లున్నాయి. బంతి చేతులు మారగానే అందరి కళ్లూ గీత అవతలి బెంచీ వైపు వెళతాయి. అక్కడి నుంచి ఎవరూ లేవరు. మైదానంలో ఉన్నవాళ్లే గడ్డం పట్టీ వదులు చేసుకుని, ఒక గుక్క నీళ్లు తాగి, మళ్లీ బిగించుకుని అటు తిరిగి నిలబడతారు. ఇప్పటిదాకా తోసినవాళ్లే ఇక అడ్డుకోవాలి. ఆటలో చివరి పావు అయిన నాలుగో క్వార్టర్‌కు స్కోరు అరవై–సున్నా అయిందంటే అది చేతకానితనం కాదు, మంది లేకపోవడం. ఒక్కోసారి ఆ ఇరవై మందీ కూడా రారు. ఆట ఆడకుండానే ఓటమి రాసేస్తారు.

2004లో సుమారు డజను ఆటలు ఆడిన జెన్ వెల్టర్‌కు ఆటకు ఒక్క డాలర్ చొప్పున చెక్కు ఇచ్చారు. మొత్తం 12 డాలర్లు. ఆమె ఆ చెక్కు మార్చుకోలేదు, దాచుకుంది. 2015లో ఎన్ఎఫ్ఎల్ జట్టు అరిజోనా కార్డినల్స్ శిక్షణ శిబిరంలో కోచింగ్ సిబ్బందిగా అడుగుపెట్టిన తొలి మహిళ ఈమే. ఆ తర్వాత దారి పడింది. 2020 ఫిబ్రవరిలో ఎన్ఎఫ్ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో కోచ్‌గా నిలిచిన మొదటి మహిళ కేటీ సవర్స్, అదే ఏడాది నవంబరులో ఎన్ఎఫ్ఎల్ ఆటలో ఒక విభాగం కోచింగ్ బాధ్యత చూసిన తొలి మహిళ క్యాలీ బ్రౌన్‌సన్, 2021లో వాషింగ్టన్ జట్టులో చేరి ఎన్ఎఫ్ఎల్‌లో పూర్తికాలపు కోచ్ అయిన తొలి నల్లజాతి మహిళ జెన్నిఫర్ కింగ్, అందరూ ఈ చేతి చమురు లీగుల్లో ఆడి వచ్చినవాళ్లే. అంటే కోట్లకు పడగలెత్తిన ఎన్ఎఫ్ఎల్ ఈ లీగుల పంట కోసుకుంటోంది. దుక్కి దున్నే ఖర్చు మాత్రం తనది కాదనుకుంటోంది. 2021 డబ్ల్యూఎఫ్ఏ ఫైనల్‌కు ఎన్ఎఫ్ఎల్ జట్టు న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ యజమాని తమ జట్టు విమానాన్ని బాస్టన్ మహిళలకు ఇచ్చి పంపాడు. మంచి పనే, మెచ్చుకుంటాం. కానీ ఒక విమానం దేశమంతా వార్త అయిందంటే మిగతా రోజుల్లో వీళ్లు ఎలా తిరుగుతున్నారో వేరే చెప్పాలా?

ఇదేదో కొత్త ఉబలాటం కూడా కాదు. 1974లోనే నేషనల్ విమెన్స్ ఫుట్‌బాల్ లీగ్ అని ఒకటి నడిచింది. లాస్ ఏంజెలిస్ నుంచి డాలస్, డెట్రాయిట్‌ల దాకా జట్లు. ఒహాయోకే చెందిన టొలీడో ట్రూపర్స్ 1970లలో ఓటమంటే దాదాపు ఎరగని జట్టు. బంతి పట్టుకుని పరుగెత్తే వాళ్ల రన్నింగ్ బ్యాక్ లిండా జెఫర్సన్‌ను 1975లో ఒక మహిళా క్రీడా పత్రిక ఆ ఏటి మేటి క్రీడాకారిణిగా ఎంచింది. సొమ్ము లేక ఆ లీగు చెదిరిపోయింది. 1999లో కొత్త జట్లతో ఆట మళ్లీ మొలకెత్తింది. అప్పుడు పుట్టిన విక్సెన్ జట్టే 2022లో ఫైనల్‌దాకా వచ్చింది. టీవీల వాళ్ల కళ్లు మాత్రం వేరే దానిమీద పడ్డాయి. 2004 సూపర్ బౌల్ విరామంలో చూపిన ఒక వినోదం 2009కల్లా ఏకంగా లీగు అయి కూర్చుంది. లోదుస్తులతో, ఏడుగురేసి చొప్పున ఆడించారు. ఆడినవాళ్ల నైపుణ్యాన్ని తక్కువ చెయ్యం. పూర్తి ప్యాడ్లతో ఆడే ఆడవాళ్లకు లేని స్పాన్సర్లు అక్కడ దొరికారన్నదే మా ఎత్తిపొడుపు.

ఇప్పుడు గాలి మరోవైపు వీస్తోంది. 2023 అక్టోబరులో ముంబయిలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశం క్రికెట్‌కు తలుపు తీసిందని మనమంతా సంబరపడ్డాం. అదే సమావేశంలో 2028 లాస్ ఏంజెలిస్ క్రీడల్లోకి ఫ్లాగ్ ఫుట్‌బాల్ కూడా వచ్చి చేరింది. ఇందులో ఢీకొట్టడం, కూల్చడం లేవు. నడుముకు వేలాడే గుడ్డపీలిక లాగేస్తే ఆట ఆగుతుంది. ఎన్ఎఫ్ఎల్ దీన్ని భుజానికెత్తుకుంది. అనేక రాష్ట్రాలు అమ్మాయిల హైస్కూలు క్రీడగా గుర్తించాయి, చిన్న కాలేజీల సమాఖ్య ఎన్ఏఐఏ 2021 నుంచి పోటీలు పెడుతోంది. లక్షలాది ఆడపిల్లలు బంతి విసరడం, పట్టడం నేర్చుకుంటున్నారు. ఈ పత్రికకు దానిమీద అభ్యంతరమేమీ లేదు, చక్కటి ఆట. అభ్యంతరమల్లా ‘అమ్మాయిలకు ఫ్లాగ్ ఇచ్చాంగా, ఇంకా ట్యాకిల్ ఎందుకు’ అనే మాట మీదే. కుస్తీ అడిగినవాడికి యోగా నేర్పి ఇంటికి పంపడం లాంటిదిది. లావుగా బలంగా ఉన్న అమ్మాయికి ట్యాకిల్ లైన్‌లో, అంటే ఎదుటివాళ్లను తోసే ముందు వరసలో, ఒక చోటుంది, అక్కడ ఆ బరువే విలువ. గుడ్డపీలికల ఆటలో ఆమెకు చోటు తక్కువ. ఒళ్లు చిక్కించుకోమని తప్ప మరో మాట చెప్పని లోకంలో ఆ చోటు చిన్న విషయం కాదు.

తలకు తగిలే దెబ్బల సంగతేమిటని అడుగుతారు. అడగాల్సిందే. ఈ ఆట మెదడుకు చేసే చేటు గురించి గత రెండు దశాబ్దాల్లో బయటపడ్డవి తీసిపారేసేవి కావు. మా ఇంటి పిల్లైతే పంపుతామా అంటే మేమూ తటపటాయిస్తాం. కానీ ఆ భయం కొడుకుల విషయంలో ఏ బడి తలుపూ మూయించలేదే! 1905లో కాలేజీ ఫుట్‌బాల్‌లో కుర్రాళ్లు ప్రాణాలే పోగొట్టుకుంటుంటే అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ పెద్ద కాలేజీల వాళ్లను వైట్‌హౌస్‌కు పిలిపించాడు. మరుసటేడు బంతిని ముందుకు విసరవచ్చని రూలు మార్చారు, గుంపుగా కుమ్ముకోవడం తగ్గింది. అబ్బాయిలకు ప్రమాదమైతే ఆటను మార్చారు, అమ్మాయిలకు ప్రమాదమని ఆటనే లేకుండా చేశారు. పైగా చిన్నప్పుడు పద్ధతిగా నేర్పించకుండా పాతికేళ్లకు అద్దె మైదానంలోకి వదిలేస్తే ప్రమాదం పెరుగుతుందా, తగ్గుతుందా?

లీగుల తప్పు లేదనలేం. డబ్ల్యూఎఫ్ఏ ఒకటి, డబ్ల్యూఎన్ఎఫ్‌సీ ఒకటి, వాటి పక్కన చిన్నాచితకా ఇంకొన్ని, ఎవరి కుంపటి వారిది. బాస్టన్, టెక్సస్ జట్లలో ఏది గొప్పదో తేల్చే ఆట 2022లో జరగనే లేదు. అభిమాని అడిగే మొదటి ప్రశ్నకే జవాబు లేని చోట టీవీవాడు డబ్బెందుకు పెడతాడు? ఉన్న కాస్త మందినీ జట్ల సంఖ్య పెంచుకోవడానికి పలచన చేసుకుంటున్నారు. ఇరవై మందితో మూడు జట్లకన్నా అరవై మందితో ఒకటి మేలన్నది చిన్న లెక్క.

అవకాశమిస్తే ఏమవుతుందో ప్రపంచ పోటీలు చూపించాయి. 2010లో స్టాక్‌హోమ్ ఫైనల్లో అమెరికా మహిళలు కెనడాను 66–0తో, 2013లో 64–0తో చిత్తు చేశారు. 2017కు అది 41–16. 2022 ఆగస్టులో ఫిన్లాండ్‌లోని వాంటాలో బ్రిటన్‌పై 42–14. బంగారం నాలుగుసార్లూ అమెరికాదే. కానీ ఎదుటి పక్షం పాయింట్ల గడిలో సున్నా పోయింది. మిగతా దేశాలు నేర్చుకుంటున్నాయి. పుట్టింట్లో మాత్రం ఈ ఆటకు బడి లేదు.

చేయాల్సింది కొండలెత్తడం కాదు. 1975 మినహాయింపు చట్టంలో లేదు, నిబంధనల్లో ఉంది. అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) ఓటు అక్కర్లేకుండా విద్యాశాఖే ఆ వాక్యాన్ని సవరించవచ్చు. యూటా రాష్ట్రంలో 2015లో అమ్మాయిలకే ప్రత్యేకంగా ట్యాకిల్ లీగు మొదలైంది. తమ హైస్కూళ్లలో జట్లు పెట్టాలంటూ అక్కడి అమ్మాయిలు కొందరు 2017లో టైటిల్ నైన్ కిందే కోర్టుకెక్కారు. అడిగేవాళ్లు లేరన్న సాకు ఆ రోజుతోనే చెల్లిపోయింది. ఎన్ఎఫ్ఎల్ ఫ్లాగ్‌కు పెడుతున్న దాంట్లో ఒక వాటా పక్కన పెడితే ఈ లీగుల ఆటగత్తెల రుసుములు, ప్యాడ్ల ఖర్చు తీరిపోతాయి.

చలికాలంలో కొత్త సీజన్‌కు ట్రైఅవుట్లు పెడతారు. ఎవరో నర్సు నైట్‌షిఫ్టు దిగి నేరుగా అక్కడికే వస్తుంది. పరుగు చూస్తారు, ఎత్తు బరువు రాసుకుంటారు, ‘ఎంపికయ్యావు’ అని భుజం తడతారు. ఆపై ఆమె చేతిలో ఒక కాగితం పెడతారు. అందులో ఆమె కట్టాల్సిన డబ్బు ఎంతో, ఏ తేదీలోపు కట్టాలో ఉంటుంది.