ఎక్స్‌టర్నల్ మెంబర్ కుర్చీ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎక్స్‌టర్నల్ మెంబర్ కుర్చీ గారికి, ఒక డిగ్రీ కాలేజీ ఐక్యూఏసీ కోఆర్డినేటర్ నమస్కరించి రాయునది.

ఉభయ కుశలోపరి. మీరు కుశలంగానే ఉంటారు లెండి, ఏడాదికి నాలుగు గంటలు కూడా ఎవరూ కూర్చోని కుర్చీకి ఏమవుతుంది, కొన్ననాటి ప్లాస్టిక్ కవర్ కూడా ఇంకా మీ ఒంటి మీదే ఉంది. నా సంగతే ఏమీ బాలేదు. మా కాలేజీ నాణ్యత కమిటీకి బయటి సభ్యుడిగా మీలో కూర్చునే పెద్దాయన రెండేళ్ల గడువు వచ్చే నెలతో అయిపోతోంది, కొత్తవాళ్లని వెతికే పని ప్రిన్సిపాల్ గారు నా నెత్తిన పెట్టారు. "ఇండిపెండెంట్‌గా ఉండాలమ్మా, అలాగని మరీ పరాయివాడు కాకూడదు, కాస్త మనవాడై ఉండాలి" అన్నారు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎక్కడ దొరుకుతాయో, ఎంతమందిని చూసి ఉంటారు కదా, మీకేమన్నా తెలుసేమో అని అడుగుదామని కూర్చున్నా.

మన గొడవ తెలియనివాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి రెండు ముక్కలు చెప్పేస్తా. 1994లో యూనివర్సిటీల బాగోగులు చూసే యూజీసీ బెంగళూరులో న్యాక్ అని ఒకటి పెట్టింది, అది మనుషుల్ని పంపి కాలేజీలని చూసి గ్రేడ్ ఇస్తూ వచ్చింది. గ్రేడ్ తెచ్చుకున్న ప్రతి కాలేజీలో ఐక్యూఏసీ అని ఒక కమిటీ ఉండాలి, నాణ్యత ఎలా ఉందో లోపలినుంచే చూసుకుంటూ ఉండడం దాని పని. అధ్యక్షులు ప్రిన్సిపాల్ గారే, తర్వాత టీచర్లు, ఆఫీసువాళ్లు, మేనేజ్‌మెంట్ నుంచి ఒకరు, వీళ్లు కాక ఊరి తరఫున ఒకరు, విద్యార్థుల్లోంచి ఒకరు, పాత విద్యార్థుల్లోంచి ఒకరు, మన పిల్లలకి ఉద్యోగాలిచ్చే కంపెనీల తరఫున ఒకరు. మూడు నెలలకోసారన్నా కూర్చోవాలి, మూడింట రెండొంతుల మంది రావాలి, ఏం మాట్లాడుకున్నారో దానిమీద ఏం చేశారో రాసి సంతకాలు పెట్టి దాచాలి. రాసినవాళ్లెవరో గానీ మంచివాళ్లే, బయటి కన్ను ఒకటి లోపల ఉంటే లోపలివాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుంటారని పాపం నమ్మారు.

ఆ బయటి కన్నుని నామినేట్ చేసేది ఎవరయ్యా అంటే మళ్లీ ప్రిన్సిపాల్ గారే, కాకపోతే కాలేజీ అకడమిక్ కమిటీని సంప్రదించి చెయ్యాలట. ఆ కమిటీకీ అధ్యక్షులు ఆయనే కాబట్టి సంప్రదింపులు చాలా త్వరగా అయిపోతాయి. పెళ్లిచూపులకి అబ్బాయి తరఫు పెద్దల్ని కూడా అమ్మాయివాళ్లే బండి మాట్లాడి తీసుకొచ్చినట్టుంటుంది మన ఏర్పాటు.

మీ పక్కన కూర్చునే మిగతావాళ్ల సంగతి మీకు తెలియంది కాదు. పరిశ్రమ తరఫున వచ్చే ఆయన మన ల్యాబ్‌కి కంప్యూటర్లు సప్లై చేసిన ఆయనే, మూడో విడత బిల్లు ఇంకా రావాలి, అందుకని ప్రతి మీటింగ్‌లోనూ "ల్యాబ్ చాలా బావుందండీ" అంటారు, ఆయనకి తప్ప ఎవరికి తెలుస్తుంది. పాత విద్యార్థుల ప్రతినిధి మన ఆఫీసులోనే జూనియర్ అసిస్టెంట్, మీటింగ్‌కి టీ తెచ్చేదీ అతనే, టీ ఇచ్చేసి కూర్చుని సంతకం పెట్టి కప్పులు తీసుకుని వెళ్తాడు. విద్యార్థి ప్రతినిధిగా థర్డ్ ఇయర్ అమ్మాయిని వేశాం, బంగారు తల్లి, చురుకైన పిల్ల, కానీ ఎదురుగా కూర్చున్న అరడజను మంది చేతుల్లో తన ఇంటర్నల్ మార్కులు ఉన్నాయని ఆ పిల్లకి తెలుసు, వాళ్లకీ తెలుసు. "నీ అభిప్రాయం చెప్పమ్మా, భయపడకు" అని ప్రిన్సిపాల్ గారు అంటారు, ఆ పిల్ల ఫ్యాన్ వైపు చూస్తుంది. ఫ్యాన్ కూడా ఏమీ చెప్పదు.

ఒక మాట ఒప్పుకుంటా, నేనేమీ పత్తిత్తుని కాదు. వేరే కాలేజీలో మీలాంటి కుర్చీలో నేనూ కూర్చుంటా. ఆ కాలేజీ సారు ఇక్కడ మనకి ఎక్స్‌పర్ట్, నేను అక్కడ వాళ్లకి ఎక్స్‌పర్ట్, ఇచ్చిపుచ్చుకోవడం. వెళ్తే వాళ్లు శాలువా కప్పుతారు, పీపీటీ చూపిస్తారు, నేను "వెరీ గుడ్ ప్రాక్టీస్" అంటా, ఆయన ఇక్కడికొచ్చినప్పుడు అదే మాట ఆయన అంటాడు, అదే శాలువా కూడా తిరిగొచ్చిందేమో అని నాకో అనుమానం, అంచు చూస్తే మాత్రం తెలిసిన అంచులాగే ఉంది.

ఇప్పుడు మన పెద్దాయన సంగతికొస్తా. ఆయన్ని ఎంచుకోవడం పూర్తిగా నా పొరపాటు. రెండేళ్ల కింద ఊరి తరఫున ఒకరు కావాల్సొచ్చి ఎవరో చెప్తే "రిటైర్డ్ ఆఫీసరట, రోజూ పొద్దున మన గ్రౌండ్‌లోనే వాకింగ్ చేస్తారట, మృదుస్వభావి" అని పేరు రాసేశా. ఏ ఆఫీసులో రిటైర్ అయ్యారో అడగలేదు. ఆడిట్‌లో అని మొదటి మీటింగ్‌లో తెలిసింది, అప్పటికే ఆర్డర్ ఇచ్చేశాం.

ఆయన వచ్చి, మీ ప్లాస్టిక్ కవర్ మీదే చప్పుడు కాకుండా కూర్చుని, టీ వద్దని, మినిట్స్ రిజిస్టర్ ఇలా ఇవ్వండమ్మా అన్నారు. మామూలుగా వచ్చినవాళ్లు రిజిస్టర్ అడిగేది సంతకం ఎక్కడ పెట్టాలో చూడ్డానికి. ఈయన కళ్లజోడు తుడుచుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలెట్టారు. నాకు చెమటలు పట్టాయి, ఎందుకంటే కిందటేడు నాలుగు మీటింగులూ నేను ఒకే మధ్యాహ్నం కూర్చుని రాశాను.

చాలాసేపటి తర్వాత తలెత్తి, "అమ్మా, రెండో మీటింగ్ అక్టోబర్ 2న జరిగిందా?" అన్నారు.

అవునండీ అన్నా. రిజిస్టర్‌లో ఉంది కదా మరి.

"గాంధీ జయంతి కదమ్మా."

గది మొత్తం నా వైపు చూసింది. వైస్ ప్రిన్సిపాల్ గారే ఆదుకున్నారు, ఆ రోజు స్వచ్ఛ భారత్ కార్యక్రమానికి అందరం వచ్చాం సార్, పనిలో పనిగా మీటింగ్ కూడా పెట్టేసుకున్నాం అని. పెద్దాయన సంతోషించి, బాగుందండీ, అని ఇంకో పేజీ తిప్పారు. తర్వాత పెన్ను సంగతి. "జులైలో మొదలెట్టిన రీఫిల్ అక్టోబర్ మీటింగ్ నాలుగో తీర్మానం దగ్గర అయిపోయిందమ్మా, అక్కడినుంచి నల్ల ఇంకు. మధ్యలో మూడు నెలలు ఈ పెన్నుతో ఇంకేమీ రాయకుండా దీనికోసమే దాచారన్నమాట, ఎంత శ్రద్ధ!" వెటకారమో మెచ్చుకోలో మొహం చూస్తే తెలియలేదు, ఆడిట్‌వాళ్ల మొహాలు అంతే అనుకుంటా.

అసలు దెబ్బ చివర్లో తగిలింది. ఆ రోజు మినిట్స్ కూడా నేను ముందే టైప్ చేసి పెట్టుకున్నా, అందరం చేసేదే, సంతకాలు తీసుకుంటే పనైపోతుంది కదా అని. అందులో ఏడో పాయింట్ "బయటి సభ్యులు గ్రంథాలయ సేవలను పరిశీలించి అభినందించారు" అని. ఆయన దానికింద వేలు పెట్టి, "నేనింకా లైబ్రరీ చూడలేదమ్మా, చూశాక అభినందించనా?" అన్నారు. సరే పదండి అని అందరం బయల్దేరాం, మీరొక్కరే బోర్డు రూములో మిగిలారు. లైబ్రరీకి తాళం. తాళంచెవి అటెండర్ దగ్గర, అటెండర్ సెలవులో. మేమందరం కిటికీలోంచి చూశాం. పెద్దాయన అద్దం మీద దుమ్ము జేబురుమాలుతో తుడిచి లోపలికి చూసి, వెనక్కొచ్చి, ఏడో పాయింట్ పక్కన ఆయన రాతలో "కిటికీ నుండి" అని చేర్చి సంతకం పెట్టారు. ఆ కాగితం ఇప్పటికీ ఫైల్లో ఉంది, దాన్ని స్కాన్ చేసి అప్‌లోడ్ చెయ్యాలా వద్దా అనే విషయం మీద మేం ఒక సబ్ కమిటీ వేశాం.

చిత్రమేంటంటే ఆ తర్వాత వారం నుంచి లైబ్రరీ తాళం రెండో చెవి వాచ్‌మన్ దగ్గర పెట్టించారు, పిల్లలు సాయంత్రం ఐదున్నర దాకా కూర్చుంటున్నారు. న్యాక్ వాళ్ల ఏడు క్రైటీరియాలూ, వేల పేజీల అప్‌లోడ్లూ, నా మూడేళ్ల నిద్రా కలిపి చెయ్యలేని పని అది. కానీ యాక్షన్ టేకెన్ రిపోర్టులో దాన్ని ఎలా రాయాలో నాకు తెలియలేదు, కిటికీ సంగతి ఒప్పుకోకుండా తాళంచెవి సంగతి రాయలేం కదా. వదిలేశా.

అప్పటినుంచీ మీటింగ్ అంటే మావాళ్లకి భయం. ఆయన ఊళ్లో లేని రోజు చూసి పెడదామన్నారు, ఆయన ఊరు వదలరు. ఎనిమిది మీటింగులకి ఏడింటికి వచ్చారు, ఒకదానికి మేం చెప్పడం మర్చిపోయాం, అంటే గుర్తుపెట్టుకుని మర్చిపోయాం.

సరే, బయటివాళ్లని వేసుకునే పద్ధతి ఇంకోచోట ఎలా ఉందో, కంపెనీల చట్టం చూడండి ఒకసారి. 2013 చట్టంలో 149వ సెక్షన్ ప్రకారం షేర్ మార్కెట్‌లో ఉన్న లిస్టెడ్ కంపెనీ బోర్డులో మూడో వంతన్నా ఇండిపెండెంట్ డైరెక్టర్లు ఉండాలి, ప్రమోటర్లకి చుట్టాలు కాకూడదు, కంపెనీతో డబ్బు లావాదేవీలు ఉండకూడదు, ఎవరు కాకూడదో అన్నదే ఒక పెద్ద జాబితా. అది పెట్టినా అక్కడ అంతా సవ్యంగా ఉందని నేననను, కానీ కనీసం షేర్లు కొనుక్కున్నవాడి డబ్బుకి పరాయివాడంటే ఎవరో రాసిపెట్టారు. పిల్లల చదువుకొచ్చేసరికి "ఒక నామినీ" అని ఒక్క మాటతో సరిపెట్టారు. నామినీ అంటే మా ఊళ్లో ఇన్సూరెన్స్ కాగితంలో భార్య పేరు రాసే చోటు.

పైనున్న కుర్చీలు కూడా మీ జాతివే కదా అని ధైర్యం చెప్పుకుందామంటే 2025 ఫిబ్రవరి గుర్తొస్తుంది. అన్నిటికన్నా పైదైన ఏ డబుల్ ప్లస్ గ్రేడ్ కోసం లంచాలిచ్చారన్న ఆరోపణల మీద సీబీఐ న్యాక్ తనిఖీ బృందం చైర్మన్‌తో సహా పదిమందిని అరెస్ట్ చేసింది, అదీ మన ఆంధ్రప్రదేశ్‌లోని యూనివర్సిటీ కేసులో. ఆ రోజు స్టాఫ్ రూములో అందరూ పేపర్ చదివి అయ్యో అన్నారు, ఒకాయన మాత్రం "అంత ఖర్చు ఎందుకు పెట్టారండీ, సరైన మెంబర్లని వేసుకుంటే పోయేదిగా" అన్నాడు. మాకు కంప్యూటర్లు సప్లై చేసిన ఆయన్ని పరిశ్రమ ప్రతినిధిగా సూచించింది ఆయనే.

పెద్దాయనని ఇంకో రెండేళ్లు ఉంచుదామా అని మొన్న మెల్లగా అడిగి చూశా. ప్రిన్సిపాల్ గారు కిటికీ వైపు చూసి, "వయసైపోతోందమ్మా ఆయనకి, పాపం మెట్లెక్కాలి" అన్నారు. బోర్డు రూము గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంది.

కాబట్టి అయ్యా, కుర్చీ గారూ, కొత్తాయన దొరికారు. రిటైర్డ్ ప్రొఫెసర్, చూపు కాస్త తక్కువ, మాట చాలా తియ్యన. మీ ప్లాస్టిక్ కవర్ ఈసారన్నా తీయించమంటారా, ఉంచమంటారా? వచ్చే క్వార్టర్ మీటింగ్ తేదీ కూడా వేసేశా, క్యాలెండర్‌లో రెండుసార్లు చూసుకున్నా, గురువారం, పండగ లేదు, జయంతి లేదు, వర్ధంతి కూడా లేదు. రీఫిల్స్ నాలుగు తెప్పించా. ఏడో పాయింట్ టైప్ చేసి "గ్రంథాలయ సేవలను" దాకా వచ్చి ఆగా, మొదటి మీటింగ్ తర్వాత పెద్దాయన ఇచ్చి వెళ్లిన జేబురుమాలు ఇంకా నా సొరుగులోనే ఉంది, ఉతికించి ఇచ్చేద్దామంటే రెండేళ్లయింది.

ఇట్లు
తమ ఎదురుగా ఎడమవైపు నుంచి మూడో కుర్చీలో కూర్చునే
ఐక్యూఏసీ కోఆర్డినేటర్