ఆషాఢం సేల్‌లో అసలు ధర ఎవరికి తెలుసు?

ఆషాఢం వచ్చిందంటే బెజవాడలో ముహూర్తాలు ఆగిపోతాయి, తగ్గింపు బోర్డులు లేస్తాయి. బెంజిసర్కిల్ నుంచి బీసెంట్ రోడ్డు దాకా, గుంటూరులో లక్ష్మీపురం నుంచి పట్నంబజారు దాకా ఎక్కడ చూసినా యాభయ్యో అరవయ్యో శాతమన్న అంకె పెద్దక్షరాల్లో కనిపిస్తుంది. ఈ అమ్మకాలు ఎందుకు పుట్టాయో అందరికీ తెలిసిందే. శూన్యమాసంలో పెళ్లిళ్లు ఉండవు. శ్రావణానికి కొత్త సరుకు దిగాలంటే పాత సరుకు కదలాలి. మనం ఎన్నడూ గట్టిగా అడగనిది ఒక్కటే ఉంది. ఆ యాభై శాతం ఏ ధర మీద తగ్గింది?

సేల్‌లో తెలివిగా కొనడం గురించి చెప్పే చిట్కాలన్నీ ఈ ప్రశ్న తర్వాతే. కావలసిన వస్తువు ధర జ్యేష్ఠంలోనే రెండు మూడు చోట్ల చూసి రాసిపెట్టుకున్నవారికే ఆషాఢంలో బోర్డు నిజమో కాదో తెలుస్తుంది. మిగిలినవారంతా దుకాణదారు చెప్పిన పాత ధరను నమ్మి, దుకాణదారు చెప్పిన కొత్త ధర చెల్లించి, ఎంతో ఆదా చేశామన్న తృప్తితో ఇంటికి వెళతారు.

ఎమ్మార్పీ ఉంది కదా అనవచ్చు. ప్యాకేజీ సరుకులపై 2011 నాటి నిబంధనల ప్రకారం, అన్ని పన్నులూ కలుపుకొని ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరకు మించి వసూలు చేయడం నేరం. కానీ ఆ గరిష్ఠం ఎంత ఉండాలన్నది దుస్తుల విషయంలో తయారీదారు ఇష్టం. ఎనిమిది వందలకు అమ్మదలచుకున్న చొక్కాకు రెండు వేలని ముద్రించి, అరవై శాతం తగ్గించామని ప్రకటిస్తే ఎమ్మార్పీ నిబంధనకు ఏ భంగమూ కలగదు. కొన్నిచోట్ల ట్యాగు మీద ఒక స్టిక్కరు, దాని మీద మరో స్టిక్కరు ఉంటాయి. గోటితో అంచు లేపి చూసేవారిని సేల్స్ సిబ్బంది ఎందుకంత ఇబ్బందిగా చూస్తారో వేరే చెప్పనక్కరలేదు.

లెక్కల మాయ ఇంతటితో ఆగదు. యాభై శాతం మీద మరో ఇరవై శాతం అంటే డెబ్బై కాదు, అరవై. రెండు కొంటే ఒకటి ఉచితమంటే ఒక్కో దానిపై తగ్గేది మూడో వంతు మాత్రమే, అదీ మూడోది మనకు అవసరమైతేనే. వాయిదాలకు వడ్డీ లేదంటారు. చాలా సందర్భాల్లో బ్యాంకు వడ్డీ వేస్తూనే ఉంటుంది, ఆ మేరకు ధరలో రాయితీ చూపిస్తారు, వడ్డీపై 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం మన ఖాతాలో పడతాయి.

వీటన్నిటికంటే నన్ను ఆకట్టుకునేది కిలోల లెక్కన బట్టలమ్మే పద్ధతి. దాని తెలివిని మెచ్చుకోక తప్పదు. చీర ధర ఎంతో మనకు కొంత అంచనా ఉంటుంది. కిలో చీరల ధర ఎంతుండాలో ఎవరికీ ఉండదు. పోల్చుకోవడానికి ఏ ఆధారమూ లేకుండా చేయడమే అందులోని కీలకం. కాటాలో నూలూ తూగుతుంది, అద్దిన రాళ్లూ తూగుతాయి, గౌనుకు కుట్టిన లైనింగూ తూగుతుంది. పల్చని సింథటిక్ చీరలు ఏరుకున్నవారికి లాభం ఉండవచ్చు గానీ, బరువైన వర్క్ చీర తూకానికి పెట్టినవారు బిల్లు చూశాక ఒక్కో చీరకు ఎంత పడిందో భాగహారం చేసుకోవాలి. ఆ భాగహారం బిల్లుకు ముందే చేయడానికి ఫోనులో క్యాలిక్యులేటర్ చాలు.

వ్యాపారుల వాదన తీసివేయదగ్గది కాదు. అద్దె, జీతాలు, కరెంటు బిల్లు శూన్యమాసమని ఆగవు. మిగిలిపోయిన సైజులు, రంగు వెలిసిన డిస్‌ప్లే పీసులు, పోయిన సీజన్ డిజైన్లు కొన్న ధరకో అంతకన్నా తక్కువకో వదిలించుకోవడం వారికీ అవసరమే, అలాంటి తగ్గింపులు నిజమైనవే. శ్రావణంలో పెళ్లి ఉన్న ఇంటివారు పెట్టుబడి చీరల కోసం బెజవాడ వన్‌టౌన్‌లోని వస్త్రలత హోల్‌సేల్ మార్కెట్‌కు ఆషాఢంలోనే వస్తే కచ్చితంగా కలిసొస్తుంది. అయితే నిజంగా తగ్గించిన వ్యాపారికీ, ధర పెంచి తగ్గించిన వ్యాపారికీ ఒకే బోర్డు, ఒకే అంకె ఉన్నప్పుడు నష్టపోయేది మొదటివాడే కదా!

బెజవాడ, గుంటూరుల మధ్యనే ఉన్న మంగళగిరిని చూడండి. గుంట మగ్గం మీద నేసే, అంచున నిజాం జరీ ఉండే చీరకు నూలు ఖర్చుంది, రోజుల శ్రమ ఉంది. ఆషాఢమని నేతగాడి కూలి సగమవదు. అందువల్ల ఎక్కడైనా ‘మంగళగిరి’ పేరుతో చీర సగం ధరకు, ఆపై ఇంకొకటి ఉచితంగా కనబడితే, అది మరమగ్గం సరుకేమోనని ముందు అనుమానించాలి. నేసేటప్పుడు గుడ్డ వెడల్పు చెదరకుండా బిగించే కర్ర సూదులు అంచుల్లో వదిలిన చిన్న చిన్న రంధ్రాలున్నాయా, చేనేత గుర్తు లేబులుందా చూడాలి. పట్టు అన్నప్పుడు చెంగు చివర ఒక పోగు కాల్చితే జుట్టు కాలిన వాసన వచ్చి వేళ్ల మధ్య నలిగే బూడిదవ్వాలి. కరిగి గట్టి ముద్దయితే అది పాలిస్టర్. ఇదంతా చూడటానికి సమయం పడుతుంది. సేల్ హడావిడి ఆ సమయాన్నే మనకివ్వదు. “రేపటికి ఉండదమ్మా” అన్న మాట చాలు, పోగు సంగతి మరిచిపోతాం. ఆన్‌లైన్ అమ్మకాల్లో ఇలాంటి లేని తొందర పుట్టించడాన్ని కేంద్రం 2023 నవంబరులో మోసపు పద్ధతుల జాబితాలో చేర్చింది.

వినియోగదారుడు ఓపిక పట్టాలి, ధరలు రాసుకోవాలి అని చెప్పి చేతులు దులుపుకోవడం నాకు సమ్మతం కాదు. గుంటూరు మిర్చియార్డులో తేజ రకం క్వింటా ఎంత పలికిందో మర్నాడు పేపర్లో వస్తుంది. బంగారం గ్రాము ధర రోజూ వస్తుంది. రైతుకూ కంసాలికీ నిన్నటి ధర బహిరంగమైనప్పుడు, చొక్కా కొనేవాడికి నెల కిందటి ధర ఎందుకు రహస్యం కావాలి? యూరోపియన్ యూనియన్‌లో 2022 మే నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, తగ్గింపు ప్రకటించే దుకాణం అంతకుముందు కనీసం 30 రోజుల్లో తాను అమ్మిన అతి తక్కువ ధరను చూపాలి. శాతాన్ని కూడా ఆ ధర మీదే లెక్కగట్టాలని అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2024లో ఒక జర్మనీ కేసులో తేల్చింది.

మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం మామూలుగా అమ్మే ధర విషయంలో జనాన్ని తప్పుదోవ పట్టించడాన్ని అనుచిత వాణిజ్యమనే అంటుంది. బిల్లు ఇవ్వకపోవడాన్నీ, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడాన్నీ అదే పద్దులో చేర్చింది. కనుక ‘సేల్ సరుకు వాపసు లేదు’ అన్న బోర్డు చిరిగిన చీరకు వర్తించదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు. కానీ పాత ధర ఎంతో నిరూపించాల్సి వస్తే కొనుగోలుదారు చేతిలో ఏ కాగితముంటుంది? నెల కిందటి బిల్లు ఆయన దగ్గర లేదు, ఉన్నది దుకాణం కంప్యూటర్లో. బార్‌కోడు గీసిన ప్రతిసారీ ఏ రోజు ఏ ధరకు అమ్మారో అందులో నమోదవుతూనే ఉంది, కాబట్టి పాత ధర చూపించాలని ఇక్కడా నిబంధన పెడితే కొత్తగా లెక్కలు రాయించాల్సిన భారమేమీ వ్యాపారులపై పడదు.

కేంద్రం అలాంటి నిబంధన తెచ్చేదాకా కూర్చోనక్కర్లేదు. రాష్ట్ర ప్రభుత్వం చేతిలోనే చేనేత సహకార సంస్థ ఆప్కో షోరూములున్నాయి, పండగలకు అక్కడా రాయితీలు ప్రకటిస్తుంటారు. వచ్చే ఆషాఢానికి ఆ చీరల ట్యాగుల మీద రాయితీ శాతం పక్కనే గత నెల అమ్మిన ధర, నేతగాడికి చెల్లించిన కూలి, ఈ రెండూ ముద్రించమనండి. పక్క వీధిలో అరవై శాతం బోర్డు పెట్టిన దుకాణానికి వెళ్లి, ఆ ట్యాగు ఫొటో చూపించి, మీ ధర సంగతేమిటని అడిగే పని జనం చూసుకుంటారు.