అడ్వాన్స్ ఇచ్చి కట్టిపడేయమంటారా?

"చిన్న క్లినిక్ నడిపే డాక్టర్లకు అయిదు సూత్రాలు" అన్న మెసేజ్ ఈ వారంలో నాకు నాలుగుసార్లు వచ్చింది. మొదట మా బీడీఎస్ (దంతవైద్యం) బ్యాచ్ గ్రూపులో, తర్వాత ముగ్గురు స్నేహితుల నుంచి విడివిడిగా. పంపినవాళ్లంతా మంచివాళ్లే, అందుకే ఊరుకోలేకపోతున్నాను.

అందులో ఉన్నది ఇదీ. పాత స్టాఫ్‌కి జీతం పెంచితే అలవాటు పడతారు. అదే డబ్బుకి కొత్తవాళ్లు ఇద్దరు వస్తారు. పండక్కి బట్టలు పెడితే చాలు. ఒకరి జీతం ఇంకొకరికి తెలియనివ్వకండి. పెంచే బదులు పెద్ద అడ్వాన్స్ ఇవ్వండి, అది తీరేదాకా ఎక్కడికీ పోరు.

బట్టలు పెట్టండి, సంతోషిస్తారు. కానీ చీర ఇచ్చి గ్యాస్ బండ తెచ్చుకోలేరు. జీతాల రహస్యమంటారా, ముగ్గురు పనిచేసే చోట క్యారియర్లు విప్పేలోపు అన్నీ తెలిసిపోతాయి.

అలవాటు పడటమేమిటి? ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే, 12,000 జీతాన్ని అయిదేళ్లు కదపకుండా ఉంచితే దాని విలువ 9,000 లోపుకి పడిపోతుంది. పెంచలేదంటే కోసినట్టే. కనీస వేతనాలకు మన రెండు రాష్ట్రాల్లోనూ ఏప్రిల్‌లో, అక్టోబరులో కరువు భత్యం కలుస్తున్నది ఇందుకే.

ఇక కొత్తవాళ్లు. మా దగ్గర పదకొండేళ్లుగా ఉన్న ఆవిడ నెల రోజులు సెలవు పెడితే, ఆ నెలకు ఒకమ్మాయిని పెట్టుకున్నాను. పన్ను తొలిచే హ్యాండ్‌పీసులను నూనె వేయకుండానే ఆటోక్లేవ్‌లో, అంటే ఆవిరితో శుద్ధి చేసే యంత్రంలో, పెట్టేసింది, బేరింగులు పోయాయి. ఆ అమ్మాయి తప్పు కాదు, నేర్పడానికి నాకు తీరిక లేదు. మా పాత స్టాఫ్ ఆవిడ ఉన్న రోజుల్లో ఇంకొకటి జరిగింది. పన్ను తీయించుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన మందులేమీ వాడట్లేదన్నారు. "మేడమ్, పోయిన నెల వీళ్ల కోడలు గుండెకి స్టెంట్ వేశారని చెప్పింది" అని ఆవిడ నా చెవిలో చెప్పింది. ఆయన రక్తం పలచబడే మాత్రల మీద ఉన్నారు. ఇది ఏ కొత్త మనిషికి తెలుస్తుంది?

అసలు కోపం అడ్వాన్స్ సలహా మీద. రాసినవాళ్లు దీన్ని తెలివి అనుకుంటున్నారు, చట్టం దీన్ని వెట్టిచాకిరీ అంటుంది. తీసుకున్న అప్పు కోసం మనిషి వేరేచోట పనిచేసుకునే స్వేచ్ఛ పోగొట్టుకున్నా, నామమాత్రపు జీతానికి పనిచేయాల్సి వచ్చినా 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం కిందికి వస్తుంది. చేయించినవాళ్లకు మూడేళ్ల దాకా జైలు. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పనిచేయించుకోవడం కూడా బలవంతపు చాకిరీయేనని 1982లో, ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కూలీల కేసులో, సుప్రీంకోర్టు చెప్పింది. మాది ఇటుక బట్టీ కాదు, ఏసీ క్లినిక్ అంటారా? ఏసీ ఉంటే వెట్టి కాకుండా పోతుందా? వెట్టి అంటే ఏమిటో తెలంగాణలో తాతల నోట విన్నవాళ్లు కూడా ఈ మెసేజ్‌ను ఫార్వర్డ్ చేశారే!

చట్టం సంగతి అలా ఉంచండి. కూతురి కాలేజీ ఫీజుకి అడ్వాన్స్ అడగాలని వచ్చిన మనిషి మన గది గుమ్మం దగ్గర ఎంతసేపు నిలబడుతుందో చూశారా? నోరు తెరవడానికి ఎంత నలిగిపోతుందో చూశారా? ఆ అవసరాన్నే పలుపుతాడు చేసి మెడకు వేయమంటున్నారు మీరు. మనం డాక్టర్లమండీ. అడ్వాన్స్ నేనూ ఇస్తాను. నెలకింత అని రాసుకుంటాం, మానేయాలనిపిస్తే మానేసి మిగతాది మెల్లగా ఇవ్వొచ్చు. ఆ మాట ఇచ్చే ముందే చెబుతాను.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. చిన్న క్లినిక్ ఆదాయం ఏటా పెరగదని ఆ మెసేజ్ చివర్లో ఉంది. అది నిజం. ఏటా 10 శాతం పెంచుకుంటూ పోతే ఇరవై ఏళ్లకు జీతం ఏడింతలకు దగ్గరవుతుంది, ఒక్క కుర్చీ ఉన్న క్లినిక్ మోయలేదు. 2020లో నేనూ పెంచలేకపోయాను. ఖాతా పుస్తకం ముందు పెట్టి చూపించాను. ఆవిడ అంతా చూసి "వచ్చే ఏడు చూద్దాం లెండి మేడమ్" అంది.

ఇప్పుడు ధరలు పెరిగినంత మేర ఏప్రిల్‌లో అందరికీ పెంచుతున్నాను. స్టాక్, స్టెరిలైజేషన్ రిజిస్టరు లాంటి కొత్త బాధ్యత తీసుకున్నవాళ్లకు దానికి విడిగా ఇస్తున్నాను. పది మంది లేని చోట గ్రాట్యుటీ ఇమ్మని చట్టం అడగదు. అయినా ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున ఆవిడ పేరు మీద బ్యాంకులో వేస్తున్నాను. పాస్‌బుక్ ఆవిడ దగ్గరే ఉంది.